ఆటా, చదువా? ఒక బేస్‌బాల్ కుర్రవాడి కథ

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను వంటల గురించీ, అల్లికల గురించీ చెప్పబోవటం లేదు. ఒక ఆట గురించి చెప్తాను. "ఆటలతో మాకేం పనమ్మా, అవి మగపిల్లలవీ, వాళ్ళ నాన్నలవీ" అని లేచి వెళ్ళిపోకండి. పిల్లవాడు ఆడే ఆట గ్రౌండులో మొదలై గ్రౌండులోనే ఆగిపోదు. మాసిన బట్టలుగా, నొప్పి పుట్టిన భుజంగా, రాయని హోంవర్కుగా అది మన వంటింటిదాకా వస్తుంది. చివరికి ఏదో ఒకటి తేల్చుకోవలసిన రోజున "అమ్మా, నువ్వేమంటావు?" అని మన ముందే వచ్చి నిలబడుతుంది.

మొన్న మా పక్కింటావిడ మధ్యాహ్నం పని తెముల్చుకుని మా ఇంటికి వచ్చింది. కూర్చుందే కాని మనసు మనసులో లేదు. వాళ్ళబ్బాయికి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. క్రికెట్‌లో బౌలింగ్ చాలా జోరుగా వేస్తాడు. ఎవరో శిక్షకుడు "ఇంటర్ అయ్యాక చదువు మానిపించండి, పూర్తిగా ఆటలో పెట్టండి, వీడికి మంచి రోజులున్నాయి" అన్నాడట. వాళ్ళాయన ఒప్పుకోవటం లేదు. పిల్లవాడు అన్నం మానేశాడు. "ఏం చెయ్యమంటారు వదినగారూ?" అని అడిగింది.

ఆవిడకి ఆరోజు నేనేమీ చెప్పలేకపోయాను. కాని తర్వాత నాకో కుర్రవాడి సంగతి గుర్తొచ్చింది. మా అక్కయ్య కూతురు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో కాపురం వుంటోంది. మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డ వూరది. ఆ వూళ్ళో ఒక బేస్‌బాల్ జట్టు వుంది. మా మనవలు టీవీ ముందునుంచి కదలకపోతే, నేనూ పక్కన కూర్చుని ఆ ఆట అర్థం చేసుకున్నాను. ఆట కంటే ఆ పిల్లలు కాలేజీనుంచి పెద్ద జట్టుదాకా వెళ్ళే దారి నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. ఆ దారి సంగతే ఈవేళ చెప్పుకుందాం.

ముందు ఆట ఏమిటో రెండు ముక్కల్లో చూద్దాం. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది మరీ కొత్తగా వుండదు. జట్టుకి తొమ్మండుగురు. మన బౌలర్ చేసే పని చేసేవాణ్ణి పిచర్ అంటారు. ఇతను పరుగెత్తుకుంటూ రాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి మడిచి, బంతి నేలకి తగలకుండా నేరుగా విసురుతాడు. క్రికెట్‌లో అలా విసిరితే తప్పు, ఇక్కడ అదే పద్ధతి. ఈ మోచేతి సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. పిచర్‌కీ, బ్యాటు పట్టుకున్నవాడికీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మంచి పిచర్ విసిరిన బంతి గంటకి 150 కిలోమీటర్లు దాటి వస్తుంది. చేతిలోంచి వదిలాక అర సెకను కూడా పట్టదు. మూడు మంచి బంతులు కొట్టలేకపోతే బ్యాటువాడు ఔటు. దాన్ని స్ట్రైకౌట్ అంటారు. కొట్టగలిగితే మాత్రం నాలుగు మూలలా వున్న బేసులన్నీ చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. అప్పుడే ఒక పరుగు. ఆ చోటిని 'హోం' అంటారు. ఎంత తిరిగినా ఇల్లు చేరితేనే లెక్క అన్నమాట!

ఇక అసలు విషయం. అమెరికాలో పెద్ద లీగులో 30 జట్లు వున్నాయి. ఒక్కొక్క జట్టులో ఆడటానికి 26 మందికి చోటు. అంటే మొత్తం మీద 780 చోట్లు. వాటికోసం స్కూళ్ళలో, కాలేజీల్లో వేలమంది పిల్లలు ఆడుతుంటారు. వాళ్ళలోంచి జట్లు ఎలా ఎంచుకుంటాయి?

మన పిల్లలు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెళ్తారు చూడండి. ర్యాంకు ప్రకారం పిల్లవాడు కాలేజీని ఎంచుకుంటాడు. అక్కడ అది తిరగబడి వుంటుంది. జట్లు వరసగా తమ వంతు వచ్చినప్పుడు పిల్లల్ని ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్టు అంటారు. 1965లో మొదలైంది. ఏడాదికొకసారి జరుగుతుంది. సాధారణంగా కిందటి ఏడు వెనకబడ్డ జట్లకి ముందు వంతు. 2023నుంచీ మొదటి ఆరు వంతులకి లాటరీ కూడా తీస్తున్నారు. అన్ని జట్లూ తలా ఒకణ్ణి ఎంచుకుంటే ఒక రౌండు పూర్తయినట్టు. 2019లో ఇలాంటి రౌండ్లు 40 వుండేవి. 2021నుంచీ 20కి తగ్గించారు. ఆ ఒక్క ఏడాదే ఆరువందల పైచిలుకు పిల్లల్ని ఎంచుకున్నారు.

ఎంచుకున్న జట్టు బేరం మాట్లాడుతుంది. సంతకం పెట్టినందుకు మొదట ఒక మొత్తం ఇస్తుంది. అది మొదటి వరసలవాళ్ళకి కోట్లలో వుంటుంది, చివరివాళ్ళకి వేలల్లో. పిల్లవాడు ఇష్టం లేకపోతే "నేను రాను" అనవచ్చు. కాని ఆ ఏడాది పెద్ద లీగులో మరో జట్టుకి వెళ్ళటానికి మాత్రం లేదు. సంబంధం నచ్చలేదనే హక్కు వుంది కాని, ఇంకో సంబంధం వచ్చే ఏడుదాకా చూసుకోకూడదన్నట్టు!

ఇందులో తల్లిదండ్రుల గుండెలు దడదడలాడించే నియమం ఒకటుంది. హైస్కూలు చదువు పూర్తయ్యాక, అంటే పద్ధెనిమిదేళ్ళప్పుడు, పిల్లవాణ్ణి ఒకసారి డ్రాఫ్టులో తీసుకోవచ్చు. అప్పుడు కాదని నాలుగేళ్ళ కాలేజీలో చేరితే, మూడేళ్ళు చదువు సాగేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ డ్రాఫ్టు ముఖం చూడటానికి లేదు. రెండేళ్ళ కాలేజీల్లో చేరినవాళ్ళకి ఈ కట్టుబాటు లేదు. అంటే పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడి ముందు ఒక చేతిలో డబ్బు, ఒక చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డట్టే. డబ్బు వద్దంటే మూడేళ్ళు ఆగాలి. ఈ మూడేళ్ళలో చెయ్యి దెబ్బతింటే? ఫామ్ పోతే? ఏ తల్లికి నిద్ర పడుతుంది చెప్పండి!

2018లో జార్జియా రాష్ట్రంలో ఒక ఇంట్లో ఇదే ప్రశ్న వచ్చింది. ఆ అబ్బాయి పేరు కుమార్ రాకర్. పేరు వినగానే మన వీధి చివర వుండే కుర్రవాడేమో అనిపిస్తుంది కదూ! అమ్మ తరఫు తాతా అమ్మమ్మా మన దేశంనుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసినవాడు. 1988లో కాలేజీ ఆటగాడిగా ఆ దేశపు పెద్ద బహుమతులు అందుకున్నాడు. తర్వాత శిక్షకుడయ్యాడు. కాబట్టి ఆ ఇంట్లో ఆట అంటే ఏమిటో, దానికి ఒళ్ళు ఎంత మూల్యం చెల్లిస్తుందో కొత్తగా చెప్పవలసిన పని లేదు.

కుమార్ హైస్కూల్లో వుండగానే బంతి వేగంలో పేరు తెచ్చుకున్నాడు. మొదటి రౌండులో ఎంచుకోదగ్గవాడని అందరూ అనుకున్నారు. కాని అతను కాలేజీకి వెళ్తానని గట్టిగా నిలబడ్డాడు. అది తెలిసి జట్లు వెనక్కి తగ్గాయి. చివరికి కొలరాడో జట్టు 38వ రౌండులో, ఊరికే పేరు వేసి వుంచినట్టు, ఎంచుకుంది. అతను సంతకం పెట్టలేదు. టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్ నగరంలో వున్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువుకీ, బేస్‌బాల్‌కీ రెండింటికీ పేరున్న చోటు అది.

ఇక్కడ ఇంటి ఖర్చులు చూసుకునే మనకి బాగా అర్థమయ్యే లెక్క ఒకటి చెప్తాను. ఆట బాగా ఆడే పిల్లలకి అక్కడి కాలేజీలు స్కాలర్‌షిప్పు ఇస్తాయని మనం వింటుంటాం. నిజమే. కాని అందరికీ పూర్తిగా ఇస్తారనుకుంటే పొరపాటు. పై స్థాయి కాలేజీల్లో ఎన్నో ఏళ్ళపాటు బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే ఇవ్వాలని నియమం. వాటిని 27 మందిదాకా పంచవచ్చు. పదకొండు లడ్డూలూ ఒక ముక్కా ఇచ్చి, ఇరవై ఏడుగురు పిల్లలకి సర్దమన్నట్టు! అందుకని ఒకడికి సగం, ఒకడికి పావు. మిగతా ఫీజు తల్లిదండ్రులు కట్టవలసిందే. ఈ కట్టుబాటు 2025లో మారింది. ఇప్పుడు జట్టులో 34 మందికి మించకూడదనే నియమం పెట్టి, స్తోమత వున్న కాలేజీ అందరికీ ఇచ్చుకోవచ్చన్నారు.

సరే, కుమార్ కాలేజీలో చేరాడు. మొదటి సంవత్సరమే, 2019 జూన్ 8న, డ్యూక్ విశ్వవిద్యాలయంతో ఆట. అప్పటికే మొదటి ఆట వాండర్‌బిల్ట్ ఓడిపోయింది. ఇదీ ఓడితే ఆ ఏడాదికి ఇంటికి పోవలసిందే. బంతి పందొమ్మిదేళ్ళ కుర్రవాడి చేతిలో పెట్టారు. ఆ రాత్రి అతను మొదటినుంచి చివరిదాకా తనే విసిరాడు. అవతలివాళ్ళలో ఒక్కడు కూడా సరిగ్గా బంతి కొట్టి బేసు చేరలేదు. 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఇలా ఒక్క హిట్టూ ఇవ్వకుండా ఆట ముగించటం ఏ పిచర్ జీవితంలోనైనా అపురూపమే. ఆ నెలలోనే ఒమాహా నగరంలో జరిగే కాలేజీల ప్రపంచ సీరీస్ వాండర్‌బిల్ట్ గెలిచింది. ఉత్తమ ఆటగాడు కుమార్.

ఇంక తిరుగేముంది అనుకుంటాం కదా! 2020లో కరోనా వచ్చి కాలేజీ ఆటలు మధ్యలో ఆగిపోయాయి. 2021లో మళ్ళీ ఆడాడు. 122 ఇన్నింగ్సుల్లో 179 మందిని స్ట్రైకౌట్ చేశాడు. నియమం ప్రకారం మూడేళ్ళు పూర్తయ్యాయి. జూలైలో డ్రాఫ్టు. న్యూయార్కు మెట్స్ అనే జట్టు అతణ్ణి 10వ వాడిగా ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది. అప్పటి మారకంలో మన 40 కోట్ల రూపాయల పైమాటే.

అప్పుడు జరిగింది అసలు కథ. సంతకానికి ముందు జట్టు డాక్టర్లు పరీక్ష చేశారు. అతని చేతి విషయంలో వాళ్ళకి అనుమానం వచ్చింది. పిల్లవాడి తరఫున మాట్లాడే ఏజెంటు "చెయ్యి బాగానే వుంది, వేరే డాక్టర్లు చూశారు" అన్నాడు. జట్టు వినలేదు. గడువు ఆగస్టు 1. ఆ రోజు సాయంత్రం గడిచిపోయింది. జట్టు కాగితం ఇవ్వనే లేదు. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్ళి ఆగిపోయినట్టయింది. అదీ ఇంట్లో కాదు, దేశమంతా పేపర్లలో చూస్తుండగా.

ఇందులో మనం తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. డ్రాఫ్టుకి ముందే ఎంఆర్‌ఐ పరీక్ష చేయించుకుని ఆ కాగితాలు లీగుకి ఇచ్చే ఏర్పాటు అక్కడ వుంది. అలా ఇచ్చినవాడికి, తర్వాత ఏ అనుమానం వచ్చినా, ఆ వంతుకి నిర్ణయించిన మొత్తంలో కనీసం ఒక భాగం ఇస్తామని జట్టు చెప్పి తీరాలి. కుమార్ ఆ కాగితాలు ఇవ్వలేదు. అందుకని జట్టుకి ఏ బాధ్యతా లేకుండా పోయింది. ఎంత ప్రతిభ వున్నా, కాగితాల దగ్గర అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో చూశారా! మనం ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులు పదిసార్లు చదివిస్తాం. పిల్లవాడి ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి "పెద్దవాళ్ళే చూసుకుంటారులే" అనుకుంటాం.

ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లవాడు. కాలేజీకి తిరిగి వెళ్ళలేదు. ఏ జట్టూ లేదు. సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ సంగతి బయటికి వచ్చింది మరుసటి ఏడాదే. ఆ నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచివుంటాయో నేను చెప్పనక్కరలేదు. ఉద్యోగం వచ్చినట్టే వచ్చి పోయిన పిల్లవాడు ఇంట్లో వుంటే, అన్నం వడ్డించేటప్పుడు ఏం మాట్లాడాలో తల్లికి తెలియదు. చుట్టాలు వచ్చి "ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?" అంటే అంతకన్నా తెలియదు.

2022లో అతను న్యూయార్కు రాష్ట్రంలో ట్రాయ్ అనే చిన్న వూళ్ళో ఆడటానికి ఒప్పుకున్నాడు. పెద్ద జట్లు వేటికీ చెందని స్వతంత్ర లీగది. చిన్న గ్రౌండు, చిన్న జీతాలు. దేశమంతా చూస్తుండగా ఆడిన కుర్రవాడు అక్కడికి వెళ్ళటానికి నామోషీ పడలేదు. ఐదే ఐదు ఆటలు. 20 ఇన్నింగ్సులు. 32 స్ట్రైకౌట్లు. "నా చెయ్యి పని చేస్తోంది, వచ్చి చూసుకోండి" అని నోటితో కాక చేత్తో చెప్పాడన్నమాట.

ఆ జూలైలో మళ్ళీ డ్రాఫ్టు. ఈసారి టెక్సాస్ రేంజర్స్ అనే జట్టు అతణ్ణి 3వ వాడిగా ఎంచుకుంది. కిందటేడు 10వ స్థానం, అనుమానపు చెయ్యి. ఈ ఏడు ఏకంగా 3వ స్థానం. చాలామంది నివ్వెరపోయారు. 52 లక్షల డాలర్లకి సంతకం అయింది. మొదట పోయిన దానికంటే 8 లక్షలు తక్కువే. కాని ఈసారి కాగితం చేతికి వచ్చింది. తమాషా ఏమిటంటే, వాండర్‌బిల్ట్‌లో అతనితో కలిసి ఆడిన జాక్ లైటర్ అనే పిచర్‌ని కూడా కిందటేడు 2వ వాడిగా తీసుకున్నది ఈ జట్టే.

ఇంక పెద్ద జట్టులో ఆడటమే తరువాయి అనుకుంటున్నారా? అక్కడే మనం పొరపాటు పడతాం. డ్రాఫ్టు అంటే గుమ్మం దగ్గరికి వచ్చినట్టు. లోపలికి వెళ్ళటానికి మెట్లు వున్నాయి. వాటిని మైనర్ లీగులు అంటారు. అరిజోనాలోనో ఫ్లోరిడాలోనో వుండే శిక్షణ మైదానాల్లో మొదలుపెట్టి, సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని పైకి నాలుగు మెట్లు. ఈ నాలుగు మెట్ల మీదా కలిపి 120 జట్లు వున్నాయి. ఒక్కొక్క పెద్ద జట్టుకి నాలుగేసి. వారానికి ఆరు ఆటలు. బస్సుల్లో రాత్రిళ్ళు ప్రయాణాలు. బాగా ఆడితే పై మెట్టు, లేకపోతే కింది మెట్టు. పొద్దున లేచేసరికి పెట్టె సర్దుకోమంటారు.

జీతాలు చెప్తే ఆశ్చర్యపోతారు. 2022లో డబుల్-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ దేశపు ఖర్చుల్లో అది అద్దెకీ తిండికీ చాలదు. నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒక గదిలో సర్దుకుని, నేలమీద పరుపులు వేసుకుని పడుకునేవారు. 2023లో ఆటగాళ్ళ సంఘం మొదటిసారి ఒప్పందం కుదుర్చుకుని ఆ జీతాన్ని 30,250 డాలర్లకి పెంచింది. వసతి జట్లే చూపించాలని 2022లోనే నియమం వచ్చింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళపాటు ఈ పిల్లల్ని ఆదుకున్నది ఎవరనుకున్నారు? ఆ చిన్న వూళ్ళ గృహిణులు. తమ ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, వూరు కాని వూరినుంచి వచ్చిన ఆటగాణ్ణి సీజను అయ్యేదాకా వుంచుకుని, అన్నం పెట్టి, బట్టలు ఉతికి పంపేవారు. పెద్ద లీగులో మెరిసిన చాలామంది వెనక ఏదో ఒక చిన్న వూరి వంటిల్లు వుంది. పేపర్లలో ఆ తల్లుల పేర్లు రావు.

పెద్ద లీగులో కనీస జీతం ఎంతో తెలుసా? 2024లో 7,40,000 డాలర్లు. పై మెట్టుకీ పెద్ద లీగుకీ మధ్య ఒక్క అడుగే. ఆ ఒక్క అడుగులో జీతం ఇరవై రెట్లు. అందుకే ఆ పిల్లలు నొప్పి వచ్చినా చెప్పరు.

ఇక మోచేతి సంగతి. 2023లో కుమార్‌ని నార్త్ కరోలినాలో హికరీ అనే వూరి జట్టుకి పంపారు. అది హై-ఎ మెట్టు. ఆరు ఆటల్లో, 28 ఇన్నింగ్సుల్లో 42 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అంతలో మే నెలలో మోచేతిలో వుండే నరంలాంటి బంధనం తెగి, ఆపరేషన్ చెయ్యవలసి వచ్చింది. దాన్ని 'టామీ జాన్ సర్జరీ' అంటారు. ఈ పేరు డాక్టరుది కాదు, రోగిది. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి ఎడమ మోచేతి బంధనం తెగిపోయింది. అంతవరకూ అలా తెగితే ఆట ముగిసినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి, ఎడమ మోచేతిలో ఎముకలకి రంధ్రాలు చేసి దారం ఎక్కించినట్టు ఎక్కించి కట్టాడు. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989దాకా ఆడాడు! ఇప్పుడు ఈ ఆపరేషన్ మామూలైపోయింది. కాని కోలుకోవటానికి ఏడాదినుంచి ఏడాదిన్నర పడుతుంది. మొదట గరిట పట్టుకున్నంత మెల్లగా చెయ్యి కదపటం నేర్చుకుని, నెలల తరబడి వ్యాయామం చేస్తే తప్ప బంతి పట్టుకోనివ్వరు.

మళ్ళీ ఏడాది పైన ఇంటిపట్టున. 2024 జూలైలో అరిజోనా శిక్షణ మైదానంలో మొదటి మెట్టునుంచి మొదలుపెట్టాడు. అక్కడినుంచి డబుల్-ఎ ఫ్రిస్కో, అక్కడినుంచి ట్రిపుల్-ఎ రౌండ్ రాక్. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మొదటిసారి పెద్ద లీగు దిబ్బ మీద నిలబడ్డాడు. నాలుగు ఇన్నింగ్సులు. ఒకటే పరుగు ఇచ్చాడు. ఏడుగుర్ని స్ట్రైకౌట్ చేశాడు. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. హైస్కూలునుంచి డబ్బు వద్దని కాలేజీకి వెళ్ళినవాడు ఆ మెట్టు ఎక్కటానికి ఆరేళ్ళు పట్టింది.

కథ ఇక్కడ శుభం అని ముగిస్తే బాగుంటుంది. కాని నిజం చెప్పాలి కదా. 2025లో పెద్ద జట్టుతోనే మొదలుపెట్టాడు. కొన్ని ఆటలు బాగున్నాయి, కొన్ని బాగాలేవు. ఆగస్టులో మళ్ళీ కింది మెట్టుకి పంపారు. ఈ ఆటలో చేరటం వేరు, నిలవటం వేరు. ప్రతి ఏడూ కొత్త పరీక్షే.

మరి డ్రాఫ్టులో వచ్చిన స్థానానికి విలువే లేదా అంటే, వుంది, కాని మనం అనుకున్నంత లేదు. మైక్ పియాజా అనే అతని సంగతి వినండి. రెండేళ్ళ కాలేజీలో చదివాడు. 1988 డ్రాఫ్టులో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు అతణ్ణి 62వ రౌండులో, 1,390వ వాడిగా తీసుకుంది. అదీ వాళ్ళ నాన్నకి స్నేహితుడైన ఆ జట్టు మేనేజరు సిఫారసు చేస్తే! కాని సిఫారసు గుమ్మందాకానే పనికొస్తుంది. వికెట్ కీపర్ లాంటి క్యాచర్ పని కొత్తగా నేర్చుకోవటానికి అతను డొమినికన్ రిపబ్లిక్ అనే దేశం వెళ్ళి, భాష తెలియని కుర్రాళ్ళ మధ్య సాధన చేశాడు. 1993లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2016లో ఆ ఆటలో అత్యున్నతమైన గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్, అతనికి దక్కింది. ఆల్బర్ట్ పూహోల్స్ కూడా అంతే. రెండేళ్ళ కాలేజీనుంచి 1999లో 402వ వాడిగా వచ్చాడు. 703 హోం రన్లు కొట్టి 2022లో విశ్రమించాడు. అతనికన్నా ముందు 401 మందిని ఎంచుకున్న పెద్దలంతా ఆ రోజు ఏమనుకుని వుంటారో!

ఈ కథంతా మా పక్కింటావిడకి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే చదువు మానిపించమంటారా, వద్దంటారా?" అంది. నవ్వొచ్చింది. మనకి కావలసింది ఆ ఒక్క మాటే కదా!

నాకు తోచింది ఇదీ. కాలేజీలో గడిపిన మూడేళ్ళు కుమార్‌కి దండగ కాలేదు. అతని ఆట అక్కడే పదునెక్కింది. మాట తప్పిన ఆ ఆగస్టు నాటికి అతను స్కూలు వదిలిన పసివాడు కాదు, మూడేళ్ళు చదువుకున్నవాడు. ఆట, చదువు ఒకదానికొకటి సవతులు కానక్కరలేదు. రెండూ ఒకే ఇంట్లో వుండగలిగే ఏర్పాటు వెతకటం పెద్దల పని. కాలేజీ జట్టు వున్న చోట, విశ్వవిద్యాలయాల పోటీలకి పంపే చోట డిగ్రీలో చేరిస్తే, ఆటా సాగుతుంది, పుస్తకమూ చేతిలో వుంటుంది.

రెండోది, చెయ్యి. అమెరికాలో లీగువాళ్ళే పిల్లల కోసం 2014లో కొన్ని హద్దులు పెట్టారు. 17, 18 ఏళ్ళ పిల్లవాడు ఒకరోజు 105 బంతులకి మించి విసరకూడదు. 80 దాటితే తర్వాత నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీల్లో విసరటం మానాలి. క్రికెట్ బౌలింగ్ వేరు, దాని హద్దులు వేరు. కాని ఎదిగే చేతికి విశ్రాంతి కావాలనే మాట అన్ని ఆటలకీ ఒకటే.

ఈ మాట అంటుండగా ఆవిడ ముఖం మారింది. "వదినగారూ, వాడు నెలరోజులనుంచీ కుడిచేత్తో తల దువ్వుకోవటం లేదు. ఎడమచేత్తో దువ్వుకుంటుంటే స్టయిలు అనుకున్నాను" అంది.

మర్నాడు తల్లీ కొడుకూ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చారు. భుజం కండరం వాచిందట. అదృష్టవశాత్తూ తెగలేదు. ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నారు. వాడు రెండు రోజులు అలిగాడు. మూడో రోజునుంచి అన్నం తింటున్నాడు. సాయంత్రాలు ఏం తోచక ఫిజిక్సు పుస్తకం తీస్తున్నాడట. డిగ్రీకి ఏ కాలేజీలో క్రికెట్ జట్టు వుందో వాళ్ళ నాన్నే వాకబు చేస్తున్నారట.

మీ ఇంట్లోనూ ఆడే పిల్లలు వుంటే, ఆడపిల్లయినా సరే, మగపిల్లవాడయినా సరే, "ఇవాళ ఎన్ని పరుగులు? ఎన్ని వికెట్లు?" అని అడిగేవాళ్ళు బయట చాలామంది వుంటారు. "ఇవాళ చెయ్యి ఎలా వుంది?" అని అడిగేది మనమే. ఆ మాట రోజూ అడుగుతూ వుండండి. వాళ్ళు తల ఏ చేత్తో దువ్వుకుంటున్నారో కూడా కాస్త చూస్తూ వుండండి.

సెలవు.